పచ్చనీటితో మురుగు శుద్ధి: పెరట్లో నాచు కుంట కట్టి నడిపే పద్ధతి

బెజవాడ బందరు కాలువలో గుర్రపుడెక్క తీయించడం చూసినప్పుడల్లా నాకు అనిపిస్తుంది, ఆ మొక్క చేసిన తప్పేముందని. మన స్నానాల గదుల్లోంచి, వంటిళ్లలోంచి పోయే నీళ్లలో నత్రజని, భాస్వరం దండిగా ఉంటాయి. యూరియా చల్లిన మడిలో వరి ఏపుగా లేచినట్టే కాలువలో డెక్క లేస్తుంది. బుడమేరుదీ అదే కథ. దారిపొడవునా కలిసిన మురుగునంతా మోసుకెళ్లి కొల్లేరులో పోస్తుంది. గుంటూరులో పీకలవాగు పక్కన నాలుగడుగులు వేసినవాళ్లకు నేను విడిగా చెప్పాల్సిన పనిలేదు.

కాలువలో ఎలాగూ జరిగే ఆ పనిని మన పెరట్లోనే, మన అదుపులో జరిపిస్తే ఎలా ఉంటుంది? డెక్క బదులు కంటికి ఆనని సన్న నాచును పెంచి, అది తినాల్సింది తిన్నాక దాన్ని బయటికి తీసేయాలి. నాచు శుద్ధి అంటే ఇంతే. ఇందులో చాలామంది మొదటి సగం చేసి ఆగిపోతారు. నీళ్లు పచ్చబడగానే పని అయిపోయిందనుకుని తూము ఎత్తేస్తారు. ఆ నాచు కాలువలో చచ్చి కుళ్లితే, తిన్న నత్రజని, భాస్వరం మళ్లీ నీళ్లలోకే వస్తాయి. అందుకే ఈ వ్యాసంలో నాచు పెంచడం గురించి కొంత చెప్పి, తీయడం గురించి ఎక్కువ చెబుతాను.

లోపల జరిగేది

మురుగులోని మలినాన్ని తినేది నాచు కాదు, బ్యాక్టీరియా. తినడానికి దానికి ఆక్సిజన్ కావాలి. మామూలు శుద్ధి కేంద్రంలో బ్లోయర్లు పెట్టి గాలి కొడతారు, కరెంటు ఖర్చులో పెద్ద వాటా దానికే పోతుంది. నాచు కుంటలో ఆ గాలిని ఎండ ఇస్తుంది. బ్యాక్టీరియా వదిలిన కార్బన్ డయాక్సైడును, నీళ్లలోని నత్రజనిని, భాస్వరాన్ని నాచు తీసుకుంటుంది, ఆక్సిజన్ వదులుతుంది. పొడి లెక్కన కిలో నాచు పెరిగితే సుమారు కిలోన్నర ఆక్సిజన్ నీళ్లలో చేరుతుంది.

కైకలూరు చేపల రైతుకు ఇది కొత్త సంగతి కాదు. పగలు ఆల్గే, అంటే నాచు, ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే ఆల్గే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. ఆల్గే మరీ చిక్కబడిన చెరువులో తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిచేది అందుకే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విలియం ఆస్వాల్డ్ 1950ల్లో ఈ చక్రాన్నే లెక్కలకు లొంగదీసి, లోతు తక్కువగా ఉండి నీరు నెమ్మదిగా తిరుగుతుండే కుంటలను రూపొందించాడు. మనం కట్టబోయేది దాని చిన్న రూపమే. కలకత్తా తూర్పున ఉన్న చిత్తడి నేలల్లో అయితే నగరపు మురుగును ఎండకు, ఆల్గేకు అప్పగించి చేపలు పెంచుతారు. ఆ చిత్తడి నేలలు, మన కొల్లేరు 2002లోనే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్ జాబితాలోకి ఎక్కాయి.

ఏ నీళ్లు పోయాలి, ఏవి పోయకూడదు

మొదటిసారి కట్టేవాళ్లు స్నానాల నీళ్లు, బట్టలు ఉతికిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లతో ఆగండి. మరుగుదొడ్డి నీళ్లు కలపొద్దు. వాటిలోని రోగక్రిములను సంభాళించడం వేరే స్థాయి పని. అపార్టుమెంటుకో హాస్టలుకో మొత్తం మురుగుకు కట్టాలంటే ఇంజినీరు డిజైను, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి రెండూ తప్పనిసరి.

వర్క్‌షాపు ఆయిలు కలిసిన నీళ్లు, బ్యాటరీ యాసిడు, అద్దకం రంగులు, ప్లేటింగు నీళ్లు ఒక్క చెంబు కూడా రాకూడదు. సీసం, క్రోమియం లాంటి లోహాలను నాచు తన ఒంటికి పట్టించుకుంటుంది. అప్పుడు మీ చేతికొచ్చే నాచు ఎరువు కాదు, విషం. ఇంట్లో కూడా యాసిడు, ఫినాయిలు, బ్లీచింగు పోసి బాత్‌రూములు కడిగే రోజు ఉంటుంది కదా, ఆ రోజు నీళ్లు నేరుగా డ్రైనేజీలోకి పోవాలి. అందుకోసం పైపులో ఒక టీ జాయింటు, రెండు వాల్వులు ముందే పెట్టించుకోండి. కుంట కట్టాక ఆ పైపు పగలగొట్టించడం పెద్ద తలనొప్పి.

స్థలం లెక్క

ముందు మూడు రోజులు నీళ్లు కొలవండి, అందులో ఒకటి ఆదివారం అయి ఉండాలి. బట్టల మెషీన్ తిరిగే రోజుకీ మామూలు రోజుకీ తేడా మీరు ఊహించినదానికంటే ఎక్కువే ఉంటుంది.

రోజుకు 1000 లీటర్లు వస్తున్నాయనుకుందాం. మన ఎండకు నీళ్లు కుంటలో ఆరు రోజులు నిలిస్తే సరిపోతుంది. అంటే కుంటలో ఎప్పుడూ 6000 లీటర్లు ఉండాలి. లోతు ఒక అడుగు, అంటే 30 సెంటీమీటర్లు. అంతకు మించితే అడుగుకు వెలుగు చేరదు. అప్పుడు కావలసిన వైశాల్యం 20 చదరపు మీటర్లు, మన భాషలో సుమారు 24 గజాలు. ఎనిమిది మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు ఉంటే చాలు.

వానాకాలం ముసురులోనూ, చలికాలంలోనూ ఆరు రోజులు చాలవు, ఎనిమిది కావాలి. కుంట పెరగదు కాబట్టి పోసే నీళ్లు తగ్గాలి. 6000ను ఎనిమిదితో భాగిస్తే రోజుకు 750 లీటర్లు. మిగతా 250 లీటర్లకు ఇంకుడు గుంతో డ్రైనేజీయో దారి చూపించాలి. ఈ సంగతి ముందే ఒప్పుకుని కట్టినవాళ్ల కుంటలే నిలుస్తాయి.

స్థలం లేదని మేడ మీద కడతామనే వాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. అడుగు లోతు నీళ్లంటే చదరపు మీటరుకు 300 కిలోల బరువు. ఇళ్ల శ్లాబులను అందులో సగం అదనపు బరువుకే డిజైన్ చేయడం మామూలు. నిజం చెప్పాలంటే బెజవాడ వన్‌టౌన్‌ ఇరుకు సందుల్లో ఈ పద్ధతికి చోటు లేదు. నిడమానూరు, గొల్లపూడి, తాడేపల్లి, గుంటూరు వైపు గోరంట్ల లాంటి చోట్ల పెరడు ఉన్న ఇళ్లకు, తోటలకు, బడులకు ఇది నప్పుతుంది.

కట్టడం

నీళ్లు మొదట జిడ్డు తొట్టిలోకి రావాలి. వంటింటి నూనె కుంట మీద పొరలా పరుచుకుంటే వెలుగూ లోపలికి దిగదు, గాలీ ఆడదు. మూతున్న 100 లీటర్ల డబ్బా తీసుకుని, బయటికి పోయే పైపుకు ఎల్బో పెట్టి దాని మూతి కిందికి దించండి. జిడ్డు పైన తేలి ఆగుతుంది, కింది నీళ్లు ముందుకు పోతాయి. వారానికోసారి గరిటెతో ఆ జిడ్డు తీసి పొట్టులో కలిపి పారేయాలి.

దాని తర్వాత తేరే తొట్టి. ఒక రోజు నీళ్లు పట్టే 1000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు సరిపోతుంది. వెంట్రుకలు, మెతుకులు, మడ్డి ఇక్కడ దిగిపోవాలి. మూత, గాలి పైపుకు దోమతెర తప్పనిసరి. కదిలే కుంటలో దోమ గుడ్లు నిలవవు కానీ, నిలవ నీరున్న ఈ ట్యాంకు మాత్రం దోమకు పుట్టిల్లే.

ఇక కుంట. ఆరు గంటలైనా నేరుగా ఎండ పడే చోటు చూడండి, వేపచెట్టు కింద వద్దు. ఆకులు రాలి కుళ్లితే వాటి భారం కూడా మీ బ్యాక్టీరియా మీదే పడుతుంది. ఇటుక గోడ ఒకటిన్నర అడుగు ఎత్తు కట్టి సిమెంటు పూయండి, లేదా మట్టి గట్లు వేసి చేపల రైతులు వాడే నల్ల లైనరు పరవండి. మధ్యలో పొడవునా ఒక అడ్డుగోడ కట్టి, రెండు చివర్లా మీటరు చొప్పున ఖాళీ వదలండి. నీళ్లు పరుగు పందెం ట్రాకులో తిరిగినట్టు దాని చుట్టూ తిరగాలి. మూలలు చదరంగా ఉంటే అక్కడ మడ్డి పేరుకుని నల్లబడుతుంది, గుండ్రంగా తిప్పండి. చుట్టూ కంచె వేయండి. పసిపిల్లలకు అడుగు లోతు నీళ్లు కూడా ప్రమాదమే.

నీళ్లు తిప్పడానికి తెడ్ల చక్రం కావాలి. చేపల చెరువుల ఏరియేటర్ తెచ్చి పెట్టొద్దు, అది నీళ్లను చిమ్ముతుంది, అడుగు మడ్డి అంతా లేపుతుంది. వెల్డింగు షాపులో ఆరు తెడ్ల చక్రం చేయించి, గేర్‌బాక్సున్న చిన్న మోటారుతో నిమిషానికి పది పదిహేను చుట్లు తిప్పితే చాలు. తడిచోట కరెంటు కాబట్టి ఎర్తింగు, షాకు కొడితే కట్ చేసే స్విచ్చు లేకుండా మోటారు బిగించొద్దు. వేగం సరిపోయిందో లేదో చూడటానికి నేను చేసేది ఇది: గట్టు మీద మీటరు దూరంలో రెండు గీతలు గీసి, ఎండు ఆకు ఒకటి నీళ్లలో వేస్తాను. మొదటి గీత నుంచి రెండో గీతకు ఐదు సెకన్లలో చేరితే సెకనుకు 20 సెంటీమీటర్లు, సరిగ్గా కావలసిన వేగం. పది సెకన్లు పడితే నాచు అడుగుకు దిగిపోతోందని అర్థం.

విత్తనం

స్పిరులినా నాచు కొని వేయొద్దు. దానికి సోడాలా క్షారం నిండిన నీళ్లు కావాలి, పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారం చెప్పే కొలత) తొమ్మిదిన్నర దాటితేనే హాయిగా ఉంటుంది. మన స్నానాల నీళ్లలో అది బతకదు. మనకు కావలసినవి క్లోరెల్లా, సెనెడెస్మస్ లాంటి మొండి జాతులు. అవి ఏ పచ్చని చేపల చెరువులోనైనా ఉంటాయి. నాలుగు క్యాన్ల చెరువు నీళ్లు తెచ్చి, దోమతెర మీద పల్చటి కాటన్ గుడ్డ రెండు మడతలు వేసి వడకట్టి పోయండి. వడకట్టమనడానికి కారణం కింద చెబుతాను.

ఫిబ్రవరిలో మొదలుపెట్టడం మంచిది. ఎండ బాగుంటుంది, ఇంకా మండదు. కుంటలో సగం బోరు నీళ్లు, పావువంతు తేరిన వాడుక నీళ్లు పోసి, ఆ విత్తనం కలిపి పది రోజులు తిప్పుతూ ఉండండి. లేత అరటాకు రంగు వచ్చాక రోజుకు 250 లీటర్లు, వారం తర్వాత 500, మరో వారానికి పూర్తి 1000 పోయండి. తొందరపడి మొదటి రోజే నిండా పోస్తే ఆక్సిజన్ చాలక కుంట నల్లబడి కంపు కొడుతుంది.

రోజువారీ పని

నియమం ఒక్కటే: ముందు తీయాలి, తర్వాత పోయాలి. తెల్లవారగానే 1000 లీటర్ల పచ్చనీళ్లు కోత తొట్టిలోకి, అంటే నాచును అడుగుకు దించి తీసే తొట్టిలోకి, వదలండి. ఎండ ఎక్కాక, ఎనిమిది తొమ్మిది మధ్య, కొత్త నీళ్లు పోయండి. సాయంత్రం పోస్తే రాత్రంతా ఆక్సిజన్ లేని సమయంలో కొత్త మలినం వచ్చి పడుతుంది.

పీహెచ్ మీటరు ఒకటి కొనుక్కోండి, కుంట నాడి దానితో దొరుకుతుంది. ఉదయం ఆరింటికి ఏడున్నర దగ్గర ఉన్న పీహెచ్ మధ్యాహ్నం మూడింటికి తొమ్మిది దాటాలి. నాచు కార్బన్ డయాక్సైడును పీల్చేస్తున్నందుకే ఆ పెరుగుదల. మధ్యాహ్నం కూడా ఎనిమిది దగ్గరే ఉండిపోతే నాచు పని చేయడం లేదు. పది దాటితే అమ్మోనియా నాచుకే విషమవుతుంది. అప్పుడు మధ్యాహ్నం ఇంకో రెండు వందల లీటర్లు పోస్తే దిగుతుంది. చిక్కదనం చూడటానికి తెల్ల పింగాణీ సాసరును కర్రకు కట్టి ముంచుతాను. జాన లోతుకు దిగకముందే కనబడకుండా పోతే నాచు బాగున్నట్టు.

కోత: అసలు శుద్ధి ఇక్కడే

కోత తొట్టి అడుగు గరాటులా ఉండాలి, కింద వాల్వు ఉండాలి. పచ్చనీళ్లు వదిలి మధ్యాహ్నం దాకా కదపకుండా ఉంచండి. కుంట పాతబడే కొద్దీ నాచు, బ్యాక్టీరియా పట్టుకుని చిన్న చిన్న రేకుల్లా ముద్దకట్టి, వాటంతటవే దిగుతాయి. ఈ గుణాన్ని మనం పెంచొచ్చు. రోజూ అన్నిటికంటే ముందు అడుగుకు దిగిన చిక్కటి ముద్దలో రెండు మగ్గులు తీసి మళ్లీ కుంటలో పోయండి. త్వరగా దిగే జాతులే వారాల తరబడి తిరిగి వెళుతుంటే కుంటలో వాటి వాటా పెరుగుతుంది. ఈ అలవాటు చేసుకున్నాక నాకు పటిక అవసరం చాలా తగ్గింది.

దిగకపోతే పటిక. కొలత తెలుసుకోవడానికి లీటరు పట్టే సీసాలు ఐదు తీసుకోండి. లీటరు మంచినీళ్లలో 10 గ్రాముల పటిక కరిగిస్తే ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు ఉంటుంది. ఐదు సీసాల్లోనూ పచ్చనీళ్లు నింపి ఒకదాన్ని ఊరికే వదిలేయండి. మిగతా నాలుగింట్లో 5, 10, 15, 20 మిల్లీలీటర్లు పోసి, నిమిషం గట్టిగా, పది నిమిషాలు మెల్లగా కలపండి. అరగంట ఆగి కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడండి. ఒక సీసాలో పచ్చ రేకులు మేఘంలా అడుగుకు దిగి, పైన నీరు తేటగా నిలుస్తుంది. అలా తేరిన సీసాల్లో అన్నిటికంటే తక్కువ పటిక పోసినదే మీ మోతాదు. పది మిల్లీలీటర్లకే తేరితే 1000 లీటర్లకు 100 గ్రాముల పటిక అన్నమాట. ఈ పని తెల్లవారుజామున తీసిన నీళ్లతోనే చేయాలి. మధ్యాహ్నపు నీళ్లలో పీహెచ్ తొమ్మిది దాటి ఉంటుంది, పటిక రెట్టింపు పోసినా సరిగా పట్టదు.

మునగ గింజలూ పని చేస్తాయి. ఎండు గింజల పొట్టు తీసి మెత్తగా దంచి, నీళ్లలో కలిపి గుడ్డతో వడకట్టి ఆ పాలు పోయాలి. మునగ పోసిన నీళ్లను మాత్రం ఆ రోజే మొక్కలకు పెట్టేయండి, నిలవుంచితే వాసనొస్తాయి.

కింది వాల్వు తిప్పితే చిక్కటి పచ్చ ముద్ద వస్తుంది. ఇసుక మడి మీద పాత కాటన్ చీర పరిచి దాని మీద పోయండి. నీళ్లు ఇంకిపోయి, మన ఎండకు రెండో రోజుకల్లా అప్పడంలా ఎండి, పగుళ్లిచ్చి రేకులుగా లేస్తుంది. మంచి ఎండ ఉన్న రోజు 20 చదరపు మీటర్ల కుంట నుంచి 200 గ్రాముల దాకా పొడి నాచు రావచ్చు. అందులో 14, 15 గ్రాముల నత్రజని, 2 గ్రాముల భాస్వరం ఉంటాయి. కాలువకు చేరకుండా మీ చేతికి దొరికింది అదే. దాన్ని కంపోస్టులో కలిపి పూలమొక్కలకు, చెట్లకు వేయండి. పటికతో దించినదైతే భాస్వరం పటికలోనే చిక్కుకుంటుంది, కొంచెమే వాడండి. పచ్చిగా తినే ఆకుకూరలకు వద్దు. గేదెలకు, కోళ్లకు, చేపలకు మేతగా అసలు వద్దు.

కుంట తిరగబడినప్పుడు

నా మొదటి ఏప్రిల్‌లో ఒక ఉదయం కుంట దగ్గరికి వెళ్తే నీళ్లు పచ్చగా లేవు. పల్చటి టీ రంగులో, అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. మా అమ్మ చూసి "నీళ్లు బాగుపడ్డట్టున్నాయి కదరా" అంది. నేనూ సంతోషించాను. మూడో రోజుకు వాసన మొదలైంది. రాత్రి టార్చి వేసి చూస్తే ఆవగింజలో సగం లేని ఎర్రటి చుక్కలు వెలుగు చుట్టూ గెంతుతున్నాయి. డాఫ్నియా, అంటే నీటి ఈగలు. నాచునంతా మేసేశాయి. చెరువు నీళ్లు వడకట్టకుండా పోసిన ఫలితం అది. అప్పటి నుంచి వారానికోసారి రాత్రిపూట టార్చి వేస్తాను. కనిపిస్తే వెలుగు చుట్టూ మూగినప్పుడే సన్న గుడ్డ వలతో దేవేస్తాను. మరీ ఎక్కువైతే ఒక రాత్రి చక్రం ఆపితే ఆక్సిజన్ పడిపోయి చాలావరకు చస్తాయి.

నీళ్లు నల్లబడి కంపు కొడితే ఎక్కువ పోశారని అర్థం. మూడు రోజులు పోయడం ఆపి, చక్రం తిప్పుతూ ఉండండి. నీలం కలిసిన పచ్చ రంగుతో, రంగు డబ్బా ఒలకబోసినట్టు పైన తెట్టు కట్టిందంటే అది వేరే జాతి, కొన్నిటిలో విషం ఉంటుంది. ఆ నీళ్లు పశువులు తాగకుండా చూడండి, తెట్టు తీసేసి సగం నీళ్లు మార్చండి.

మే నెలలో బెజవాడ ఎండ 45 డిగ్రీలకు పోయినప్పుడు ఒక అడుగు నీళ్లు బాగా కాగుతాయి. పదకొండు నుంచి మూడు దాకా సగం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టండి. రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైతే 160 లీటర్లు పోయినట్టే, కోతకు వచ్చే నీళ్లు ఆ మేరకు తగ్గుతాయి. వాన లెక్క దీనికి తిరగేసి ఉంటుంది. 50 మిల్లీమీటర్ల వాన పడితే 1000 లీటర్లు కుంటలో చేరతాయి, ఒక రోజు మురుగుతో సమానం. వాయుగుండం కబురు రాగానే నాలుగు అంగుళాల నీళ్లు ముందే కోత తొట్టి మీదుగా, విడతలుగా తీసేయండి. లేకపోతే గట్టు పొర్లి మీ నాచంతా డ్రైనేజీ పాలవుతుంది.

తేరిన నీళ్లు, పరీక్ష

తేరిన నీళ్లు అరటికి, కొబ్బరికి, పూలతోటకు కాలువలు చేసి పారించండి. డ్రిప్పు పెట్టొద్దు, మిగిలిన నాచు రంధ్రాలు పూడ్చేస్తుంది. తాగడానికి, వంటకు, స్నానానికి ఈ నీళ్లు ఎప్పుడూ పనికిరావు.

మూడు నెలలకోసారి ల్యాబుకు ఇవ్వండి. మెట్రోలు, రాష్ట్ర రాజధానులు కాని ఊళ్లలో మురుగు శుద్ధి కేంద్రాలకు 2017లో కేంద్ర పర్యావరణ శాఖ పెట్టిన హద్దులను గురిగా పెట్టుకోవచ్చు: బీఓడీ (నీళ్లలోని మలినాన్ని తినడానికి బ్యాక్టీరియాకు కావలసిన ఆక్సిజన్) లీటరుకు 30 మిల్లీగ్రాములు, తేలియాడే ఘనపదార్థాలు 100, పీహెచ్ 6.5 నుంచి 9. బీఓడీ పరీక్షలో నమూనాను చీకట్లో, 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచుతారు. అందులో నాచు మిగిలి ఉంటే ఆ చీకట్లో అది కూడా ఆక్సిజన్ తాగుతుంది, అంకె పెరుగుతుంది. అందుకని ఒకే నీటిని రెండు సీసాల్లో ఇచ్చి, ఒకటి వడకట్టి, ఒకటి వడకట్టకుండా పరీక్షించమని అడగండి. మొదటిది 15 వచ్చి రెండోది 45 వచ్చిందనుకోండి, మీ కుంట బాగానే ఉంది, కోత తొట్టి దగ్గరే పని మిగిలింది.